అడిగితే అంతా చెప్పండి

అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకి ప్రయాణానికి ముందు మన ఇళ్ళలో ఒక పాఠం జరుగుతుంది. ఎయిర్‌పోర్టులో ఎవరేమడిగినా యెస్, నో తప్ప మాట్లాడొద్దు. నవ్వొద్దు, కంగారు పడొద్దు. అమ్మాయి పురుడికని అనొద్దు, దేశం చూడ్డానికని చెప్పాలి. తినేవి ఉన్నాయా అంటే లేవనాలి. కొడుకు ఫోన్లో చెప్తాడు, కోడలు వాట్సాప్‌లో రాసి పంపిస్తుంది, అంతకుముందు వెళ్ళొచ్చిన వీధిలోవాళ్ళు ఇంటికొచ్చి మరీ వల్లె వేయిస్తారు.

నా సలహాలు దీనికి తలకిందులుగా ఉంటాయి. అడిగినంతకంటే ఎక్కువే చెప్పండి. తెలుగులో చెప్పండి. భయమేస్తే భయపడండి. వెనక లైన్లో ఉన్నవాళ్ళని కాసేపు ఆగనివ్వండి. ఇవి పెడసరం సలహాలని ట్రావెల్ ఏజెంట్లు అంటారు, పిల్లలైతే కోప్పడతారు. అయినా చెప్తాను. అరవై డెబ్భై ఏళ్ళు నలుగురితో నోరారా మాట్లాడుతూ బతికిన మనుషులకి రెండు ముక్కలు నేర్పి, మూగవాళ్ళని చేసి విమానం ఎక్కించడం చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

మనకి ప్రశ్నలు కొత్తేమీ కావు. విజయవాడలో ఆర్టీసీ బస్సెక్కితే గుడివాడ చేరేలోపు పక్క సీటావిడ మనది ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలెందరు, అల్లుడేం చేస్తాడు, కోడలు బాగా చూస్తుందా అన్నీ అడిగేస్తుంది. మనమూ చెప్పేస్తాం, మన వంతు మనమూ అడుగుతాం. దిగిపోయాక ఆవిడెవరో మనమెవరో. అయినా ఆ గంటసేపు ఒక మనిషి మన సంగతి విన్నది. ఇంత అలవాటున్నవాళ్ళం, యూనిఫాం వేసుకున్న మనిషి 'ఎక్కడికి వెళ్తున్నారు' అనగానే బిగుసుకుపోతాం. అక్కడ అడిగేవాళ్ళు జవాబు వినరు, మొహం చూస్తారు అని ఎవరో మనకి చెప్పి ఉంచారు. అందులో కొంత నిజముంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు అడిగేవాళ్ళెవరో వేరు చేసుకోండి. శంషాబాద్‌లో గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపేదీ, లోపల తడిమి చూసేదీ సీఐఎస్ఎఫ్ జవాన్లు. 1999 డిసెంబరులో కాఠ్మాండూ నుంచి ఢిల్లీ రావాల్సిన విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకుపోయాక, 2000 నుంచి మన ఎయిర్‌పోర్టుల కాపలా ఒక్కొక్కటిగా వాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళు పెద్దగా ప్రశ్నలేయరు. దోహాలోనో దుబాయిలోనో అమెరికా విమానం గేటు దగ్గర ఆపి అడిగేది విమాన కంపెనీ పెట్టిన మనుషులు. అమెరికా వెళ్ళే ప్రయాణికుల్ని ఇలా కూర్చోబెట్టో నిలబెట్టో అడగడం 2017 అక్టోబరు నుంచి బాగా పెరిగింది. అమెరికాలో మొదట దిగిన ఊళ్ళో పాస్‌పోర్టు చూసేవాళ్ళు సీబీపీ, అంటే సరిహద్దు అధికారులు. అబుదాబి మీదుగా వెళ్తే 2014 నుంచి ఆ పని అక్కడే అయిపోతోంది. అమెరికాలో దిగాక ఇంకో ఊరికి విమానం మారేటప్పుడు సంచుల్నీ మనుషుల్నీ తనిఖీ చేసేది టీఎస్ఏ, అంటే రవాణా భద్రతా సంస్థ.

వీళ్ళలో మిమ్మల్ని అమెరికాలోకి రానివ్వకుండా వెనక్కి తిప్పి పంపగలిగేది సీబీపీ ఒక్కటే. 2023 ఆగస్టులో 21 మంది భారతీయ విద్యార్థుల్ని అట్లాంటా, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి అలా పంపేశారు, వాళ్ళలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల పిల్లలే. టీఎస్ఏవాళ్ళు పోలీసులు కారు. మీ జవాబు నచ్చకపోతే మళ్ళీ తడుముతారు, సంచి మళ్ళీ విప్పుతారు, మరీ అయితే పోలీసుల్ని పిలుస్తారు. ఈ తేడా తెలిసి ఉంటే చాలు. దాన్ని బట్టి మాట తగ్గించడాలు, పెంచడాలు పెట్టుకోవద్దు. ఎవరడిగినా అదే జవాబు, పూర్తి జవాబు.

పక్కింటావిడ ఇచ్చిన డబ్బా తీసుకోండి

అమెరికాలో విమానమెక్కేవాళ్ళని ఒకప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా అడిగేవాళ్ళు. ఈ సంచులు మీరే సర్దుకున్నారా? తెలియనివాళ్ళెవరైనా మీకు ఏమైనా ఇచ్చారా? 1986లో మొదలుపెట్టి 16 ఏళ్ళు అడిగి, వాటివల్ల భద్రతేమీ పెరగడం లేదని 2002 ఆగస్టులో మానేశారు. గేటు దగ్గర అడిగే ఇంటర్వ్యూల్లో మాత్రం అవే ప్రశ్నలు ఇప్పటికీ వినిపిస్తాయి.

ఆ ప్రశ్న ఉత్తిది కాదని చెప్పే ఉదంతం ఒకటుంది. 1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రోలో ఇజ్రాయెల్ కంపెనీ ఎల్ అల్ విమానం ఎక్కబోతున్న ఒక ఐరిష్ గర్భిణి సంచి అడుగున పేలుడు పదార్థం దొరికింది. పెట్టింది ఆమె కడుపులో బిడ్డకి తండ్రి, నెజార్ హిందావి. పెళ్ళి చేసుకుందాం, నువ్వు ముందు వెళ్ళు, నేను వెనక వస్తానని నమ్మించి పంపాడు. ఆమెకేమీ తెలియదు. ఎల్ అల్ మనుషులు ఆమెతో మాట్లాడి, సంచి ఖాళీ చేసి చూసి, ఖాళీ సంచి ఇంత బరువేమిటని పట్టుకున్నారు. ఆ విమానంలో 370 మందికి పైగా ఉన్నారు. హిందావికి ఇంగ్లండ్ కోర్టు 45 ఏళ్ళ శిక్ష వేసింది.

ఇప్పుడు మన సంచి సంగతి చూడండి. దాన్ని ఎవరూ ఒక్కరే సర్దరు. ఆవకాయ సీసాకి కవరు మీద కవరు చుట్టింది ఆడపడుచు. మూత పడక సంచి మీద కూర్చుని జిప్పు లాగింది మేనల్లుడు. కాటా 23 కేజీలు దాటిందని చీరలు తీసేసింది కూతురు, అవి మళ్ళీ పెట్టింది అమ్మ. ఇంతలో వీధి చివరి ఇంటావిడ డల్లాస్‌లో ఉన్న కూతురికి ఇవ్వమని సున్నుండల డబ్బా పట్టుకొచ్చింది. ఇంత జరిగాక 'మీరే సర్దుకున్నారా' అంటే యెస్ అనడం అబద్ధం, 'ఎవరైనా ఏమైనా ఇచ్చారా' అంటే నో అనడం ఇంకో అబద్ధం. పిల్లలు ఆ రెండు అబద్ధాలే నేర్పుతున్నారు. లేదా ఎవరిచ్చినా తీసుకోవద్దంటున్నారు.

తీసుకోమంటాను నేను. ఇచ్చినావిడ ముందే డబ్బా విప్పండి. ఒక్కొక్క సున్నుండా మీ చేత్తో తీసి మీ డబ్బాలో పెట్టుకోండి. ఆవిడ ఏమీ అనుకోదు, అనుకుంటే ఆ డబ్బా మనకి అక్కర్లేదు. సీలు వేసిన పెట్టెలు, ఫోన్లు, చార్జర్లు, ఎవరివో తెలియని మందులు అయితే తోడబుట్టినవాళ్ళిచ్చినా వద్దనండి. తర్వాత సంచి మొత్తం మీరే ఒకసారి తీసి, ఏది ఎక్కడుందో చూసుకుని మళ్ళీ సర్దుకోండి. మేనల్లుణ్ణి దగ్గరికి రానివ్వకండి. గేటు దగ్గర అడిగినప్పుడు, 'అవును, మా వీధావిడ వాళ్ళమ్మాయికి మిఠాయి ఇచ్చింది, నేనే విప్పి చూసి పెట్టుకున్నాను' అని ఉన్నదున్నట్టు చెప్పండి. సంచి విప్పమంటారు. విప్పండి. అరగంట పోతుంది. పోనివ్వండి. కూతురికోసం పొయ్యి దగ్గర నిలబడి మినుములు వేయించిన తల్లి పేరు చెప్పకుండా ఆ డబ్బాని దాచి తీసుకుపోవడం నాకు తప్పుగా తోస్తుంది.

మొహాన్ని అదుపులో పెట్టొద్దు

జవాబు వినకుండా మొహం చూస్తారన్న మాటకి మూలం ఉంది. బోస్టన్ లోగన్ ఎయిర్‌పోర్టులో 2003లో ఒక పద్ధతి ప్రయోగంగా మొదలైంది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలను ఢీకొన్న రెండు విమానాలూ బయల్దేరింది అక్కణ్ణించే. ప్రయాణికుల ప్రవర్తన చూసి, మాట కలిపి, అనుమానపు గుర్తులకి మార్కులు వేయడం ఆ పద్ధతి. ఇజ్రాయెల్ బెన్ గురియన్ ఎయిర్‌పోర్టులో చేసే ప్రశ్నావళీ, మొహంలో క్షణంలో మెరిసి మాయమయ్యే కవళికల మీద పాల్ ఎక్‌మన్ అనే సైకాలజిస్టు చేసిన పనీ దానికి ఆధారాలు. 2007లో దీన్ని స్పాట్ అనే పేరుతో దేశమంతా పెట్టారు. 2011 ఆగస్టులో అదే బోస్టన్‌లో ఇంకో అడుగు వేసి, లైన్లో వచ్చే ప్రతి మనిషినీ ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు అని కాసేపు అడగడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి అక్కడ పనిచేసే అధికారులే 30 మందికి పైగా నోరు విప్పారు. ఈ పేరుతో నల్లవాళ్ళని, అరబ్బుల్లా కనిపించేవాళ్ళని, స్పానిష్ మాట్లాడేవాళ్ళని ఏరి ఆపుతున్నారని చెప్పారు.

2013 నవంబరులో అమెరికా పార్లమెంటు తరఫున ఖర్చులు తనిఖీ చేసే జీఏఓ సంస్థ దీని మీద రిపోర్టు ఇచ్చింది. 2007 నుంచి అప్పటికి దాదాపు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అరవై ఏళ్ళలో జరిగిన 400కి పైగా పరిశోధనల్ని కలిపి చూస్తే, ప్రవర్తన చూసి అబద్ధాన్ని పసిగట్టడం ఊహించి చెప్పినదానితో సమానం, మహా అయితే రవ్వంత మెరుగు. డబ్బు తగ్గించమని జీఏఓ చెప్పింది. 2015లో ఇంటర్సెప్ట్ అనే వార్తాసంస్థ ఆ మార్కుల జాబితాని బయటపెట్టింది. ఎక్కువగా ఆవలించడం, ఈల వేయడం, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం, కళ్ళు పెద్దవి చేసి చూడటం, తల దించుకోవడం, ఈమధ్యే గడ్డం గీసుకోవడంవల్ల పాలిపోయినట్టున్న మొహం, అన్నీ అందులో గుర్తులే.

ఈ జాబితా చదివాక నాకు మొదట గుర్తొచ్చింది తిరుమల. అమెరికా ప్రయాణం ముందు మొక్కు తీర్చుకుని, తలనీలాలిచ్చి, గడ్డంతో సహా గీయించుకుని, వారం తిరక్కుండా విమానమెక్కే మగవాళ్ళు మనలో ఎంతమందో. పాస్‌పోర్టులో ఫోటోకీ మనిషికీ పోలిక ఉండదు. ఆ రోజు తెల్లవారుజామున మూడింటికి ఇంట్లో బయల్దేరి, ఇరవై గంటలు కూర్చుని, నిద్రలేక అక్కడికి చేరిన మనిషి ఆవలించకేం చేస్తాడు?

కాబట్టి ఆవలింత వస్తే ఆవలించండి. దగ్గొస్తే దగ్గండి. చేతులు వణికితే జేబులో దాచుకోకండి. మీరు ఎంత బిగబట్టినా చూసేవాళ్ళు ఊహతోనే చెప్తారు, బిగబట్టకపోయినా ఊహతోనే చెప్తారు. ఆ బిగింపు వల్ల నష్టం మాత్రం మీకే, జవాబు మర్చిపోతారు. అంతకంటే భయం సంగతి ముందే చెప్పేయండి. 'మొదటిసారి విమానమెక్కాను, మిమ్మల్ని చూస్తే భయంగా ఉంది' అనండి. గుండు గురించి అడిగితే మొక్కు గురించి చెప్పండి. ఏ మొక్కో, ఎవరికోసమో కూడా చెప్పండి. మనవడికి జ్వరం తగ్గాలని మొక్కుకున్న మనిషి ఆ సంగతి దాచుకోవాల్సిన అవసరం ఏ దేశంలోనూ లేదు.

తెలుగులోనే మాట్లాడండి

అన్నిటికంటే పట్టుబట్టి చెప్పే సలహా ఇది. వచ్చీరాని ఇంగ్లీషుతో నెట్టుకురావద్దు.

మన పెద్దవాళ్ళకి ఇంగ్లీషు రాకపోవడం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. సగం అర్థమై యెస్ అనడం వల్ల జరిగింది. మా బంధువుల్లో ఒకావిడ కూతురి దగ్గరికి వెళ్తోంది. నువ్వు ఇక్కడ పని చేస్తావా అని అడిగారు. ఆవిడకి 'వర్క్' అన్న ముక్క అందింది. జీవితమంతా పొద్దున్నే లేచి పని చేసిన మనిషి, కూతురింట్లో మాత్రం కూర్చుంటుందా? యెస్, యెస్ అంది. వంట చేస్తానని చేత్తో చూపించింది కూడా. పక్క గదిలోకి తీసుకెళ్ళి గంటల తరబడి కూర్చోబెట్టారు. బయట కూతురు, తొమ్మిదో నెల కడుపుతో. చివరికి ఎవరో ఫోన్లో తెలుగు మాట్లాడే మనిషిని కలిపితే, అవే ప్రశ్నలు మళ్ళీ అడిగితే, ఆవిడ ముడి విప్పినట్టు అన్నీ చెప్పింది. మా అమ్మాయికి పురుడు, మా అల్లుడు ఫలానా చోట ఉద్యోగం, నాకు ఊళ్ళో ఇల్లుంది, గేదెలున్నాయి, నేను రాకపోతే వాటికి దిక్కు లేదు. కాసేపట్లో పంపించేశారు. ఆ గేదెల మాట ఏ ఏజెంటూ నేర్పడు. తిరిగి వెళ్తుందన్న నమ్మకం ఆ ఒక్క మాటతోనే వచ్చి ఉంటుందని నేననుకుంటాను.

సీబీపీవాళ్ళకి ఫోన్లో దుభాషిని కలిపే ఏర్పాటుంది. అడగాలి, అంతే. ఇంగ్లీషులో నేర్చుకోవలసింది ఒక్క వాక్యం: 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్.' దాన్నే కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని పాస్‌పోర్టులో పెట్టుకోండి. హిందీ తెలుసా అంటే, బాగా వస్తే తప్ప తెలుసనకండి. తెలుగు అక్కడ ఎవరికీ తెలియని భాషేమీ కాదు, 2010 నుంచి 2017 లోపు అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారు. దుభాషి దొరికేదాకా వెనకవాళ్ళు విసుక్కుంటారు, మిమ్మల్ని పక్కన కూర్చోబెడతారు. కూర్చోండి. మంచినీళ్ళు తాగండి.

ఇంకో మాట. కాళ్ళు బాగున్నవాళ్ళు వీల్‌చెయిర్ అడగకండి. భాష రాదని, దారి తెలియదని పిల్లలు మన పెద్దవాళ్ళందరికీ వీల్‌చెయిర్ రాయించేస్తున్నారు. దారి తప్పరు, నిజమే. కానీ కుర్చీ తోసేవాళ్ళు తొందరలో మీ తరఫున తామే జవాబు చెప్పేస్తారు, అది మీ జవాబు అయిపోతుంది. అడిగేవాళ్ళూ మీ తల మీదుగా వాళ్ళతోనే మాట్లాడతారు. రెండు కాళ్ళ మీద నిలబడి, కళ్ళలోకి చూస్తూ చెప్పిన మాటకి ఉండే బరువు వేరు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం సంకోచం లేకుండా అడగండి. కౌంటరు దగ్గర మాత్రం కుర్చీ ముందుకు జరిపించుకుని మీ నోటితో మీరే చెప్పండి.

పురుడికి వెళ్తే పురుడికే అనండి

దేశం చూడ్డానికి అని చెప్పిన అమ్మని, ఏమేం చూస్తారు అని రెండో ప్రశ్న వేస్తే ఏం చెప్తుంది? నయాగరా అంటుంది. ఎప్పుడు వెళ్తారు, ఎక్కడ ఉంటారు అంటే నోరు పెగలదు. అదే అమ్మాయి పురుడికి అంటే నెల, తేదీ, ఆసుపత్రి, కడుపు ఏ వైపు తిరిగింది, డాక్టరేమంది అన్నీ నోటిమీదే ఉంటాయి. జీతానికి పనిచేయడానికి రాలేదని, మనవణ్ణి ఎత్తుకోవడానికి వచ్చానని చెప్పండి. అబద్ధం దొరికితే ఇక జన్మలో వీసా రాకుండా పోవచ్చు. అంతకంటే నా బాధ వేరే. మనవడు పుట్టబోతున్నాడన్న మాటని గొంతులో నొక్కేసుకుని ఒక అమ్మమ్మ సముద్రాలు దాటడం ఎంత అన్యాయం.

తినేవాటి సంగతీ అంతే. ఉన్నాయా అంటే ఉన్నాయనండి. ఆవకాయ, గోంగూర పచ్చడి, కంది పొడి, జంతికలు, ఒక్కొక్కటి పేరు చెప్పి చూపించండి. చెప్పి చూపిస్తే, కుదరనిది ఉంటే తీసి పారేస్తారు, జరిమానా ఉండదు. దాచి దొరికితే మొదటిసారే వందల డాలర్ల జరిమానా పడొచ్చు. పచ్చి కరివేపాకు మాత్రం తీసుకెళ్ళకండి, దాంతోపాటు వెళ్ళే పురుగు మోసే తెగులు వాళ్ళ నారింజ తోటల్ని చంపేస్తుంది. మన బత్తాయి రైతుకి తెలిసిన బాధే అది. దుబాయి, అబుదాబిల మీదుగా వెళ్తే గసగసాలు వద్దు, అక్కడ అవి నిషేధం.

పేరు చూసి అడిగినప్పుడు

హైదరాబాదు పాతబస్తీ నుంచో, గుంటూరు నుంచో వెళ్ళే ముస్లిం కుటుంబాలకి ఇదే సలహా ఇచ్చేటప్పుడు నా గొంతు తగ్గుతుంది. అందరం ఒకే కౌంటరు ముందు నిలబడం. 2009 ఆగస్టులో షారుఖ్ ఖాన్‌ని న్యూవార్క్‌లో గంటకి పైగా కూర్చోబెట్టి ప్రశ్నించారు. అదే నెల ఫిలడెల్ఫియాలో ఒక అమెరికన్ కాలేజీ విద్యార్థి దగ్గర అరబిక్ నేర్చుకునే కార్డులు దొరికితే, సెప్టెంబరు 11 దాడి ఎవరు చేశారో తెలుసా, బిన్ లాడెన్ ఏ భాష మాట్లాడేవాడో తెలుసా అని అడిగారు, బేడీలు వేసి గంటల తరబడి ఉంచారు. ఆ కుర్రవాడు ముస్లిం కూడా కాదు, భాష నేర్చుకుంటున్నాడంతే. నువ్వు ఎన్నిసార్లు నమాజు చేస్తావు, మీ మసీదులో ఎవరు మాట్లాడతారు అనే ప్రశ్నలు విమాన భద్రతకి చెందినవి కావు. అవి అడగడం తప్పు. ఆ తప్పుని తప్పని చెప్పడానికి నాకు ఏ తటపటాయింపూ లేదు.

అబ్దుల్ కలాంగారంతటివారే ఊరుకున్నారు, మనమెంత అంటుంటారు. 2011లో న్యూయార్క్‌లో విమానంలో కూర్చున్నాక ఆయన కోటు, బూట్లు తీయించి పట్టుకుపోయి తనిఖీ చేశారు. ఆయన ఒక్క మాట అనలేదు. కానీ ఆయన తరఫున భారత ప్రభుత్వం గట్టిగా మాట్లాడింది, అమెరికా క్షమాపణ చెప్పింది. పాతబస్తీలో దర్జీపని చేసుకుని రిటైరైన పెద్దాయన తరఫున మాట్లాడేది ఆయన ఒక్కడే. అందుకే ఆయన మాట్లాడాలి. అడిగినదానికి నిజం చెప్పండి, చెప్పాక మీరూ అడగండి. మీ పేరేమిటి, మీ పై అధికారి ఎవరు, ఈ ప్రశ్న ఎందుకు అడిగారు. బయటికి రాగానే టైము, గేటు, అడిగిన మాటలు రాసుకోండి. పొరపాటున పేరు కలిసి ప్రతిసారీ ఆపుతుంటే ట్రావెలర్ రిడ్రెస్ అని 2007 నుంచి ఒక ఫిర్యాదు పద్ధతి ఉంది. దాంట్లో రాస్తే ఒక నంబరు ఇస్తారు, ఆ నంబరుని తర్వాతి టికెట్లమీద వేయించుకోవచ్చు. జవాబు రావడానికి నెలలు పట్టినా రాయండి.

మీరూ పలకరించండి

అడిగే మనిషి కూడా ఎనిమిది గంటలు నిలబడే మనిషే. టీఎస్ఏ ఉద్యోగులకి చాలా ఏళ్ళు మిగతా కేంద్ర ఉద్యోగులకంటే తక్కువ జీతాలుండేవి, 2023లోగానీ సరిచేయలేదు. 2018 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా అమెరికా ప్రభుత్వం 35 రోజులు మూతపడితే వాళ్ళు ఆ రోజులన్నీ జీతం చేతికి రాకుండా పనిచేశారు. మీ సంచి విప్పిన ఆవిడకి మీ కోడలి వయసుంటుంది. భోంచేశావా అమ్మా అని అడగండి. పిల్లలెందరని అడగండి. మీరు చెప్పింది తెలుగే అయినా ఆ గొంతు అర్థమవుతుంది. ముందుకు నడవమంటే నడవండి, పట్టుకుని నిలబడొద్దు. బాంబు, తుపాకీ మాటలు హాస్యానికి కూడా నోట రానివ్వొద్దు, వాటిని వాళ్ళు హాస్యంగా తీసుకోలేరు, తీసుకోకూడదు.

ఇదంతా జరగాలంటే టైము కావాలి. పిల్లలు గంటన్నర వ్యవధితో విమానం మారే టికెట్లు కొంటారు. నాలుగైదు గంటలున్నది కొనమనండి. తొందరలో ఉన్న మనిషి ఎవరికీ పూర్తి జవాబు ఇవ్వలేడు.

ఇక పిల్లలకి. అమ్మకి జవాబులు నేర్పకండి. ఆ ప్రశ్నలే మీరు అడగండి, టికెట్ కొనకముందే అడగండి. ఎందుకు వస్తున్నావు? ఎన్నాళ్ళుంటావు? చేతిలో ఎంత డబ్బుంది? ఎప్పుడు వెళ్ళిపోతావు?

ఎన్నాళ్ళుంటావన్నది మన ఇళ్ళలో అమ్మని ఎవరూ అడగని ప్రశ్న. ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి ఆరు నెలలకి టికెట్ తీసేస్తారు. నాన్న ఊళ్ళో ఒక్కడే క్యారియర్ తెప్పించుకుని తింటాడు. ఆవిడ అక్కడ కిటికీ తలుపులు వేసిన ఇంట్లో, మంచు కరిగేదాకా, బిడ్డని పట్టుకుని కూర్చుంటుంది. ఆవిడకి ఇష్టమే కావచ్చు. కాకపోవచ్చు. కౌంటరులో ఆఫీసరు 'ఎన్నాళ్ళుంటారు' అన్నప్పుడు చాలామంది అమ్మలు అక్కడే తడబడతారు. ఆ జవాబు ఆవిడ దగ్గర లేదు, కొడుకు ఫోన్లో ఉంది. ఆ ప్రశ్న ఆవిడనే సూటిగా అడిగిన మొదటి మనిషి ఎవరో దేశపు ఆఫీసరు కావడం నన్ను చాలా రోజులు కలవరపెట్టింది. అనుమానం వచ్చేదీ అక్కడే. ఎన్నాళ్ళుంటుందో తెలియని మనిషిని ఎవరైనా ఇంకో ప్రశ్న అడుగుతారు.

అడిగి చూడండి. మొదట మీ ఇష్టమే నా ఇష్టం అంటుంది. ఒప్పుకోకండి, మర్నాడు మళ్ళీ అడగండి. బారసాల అయ్యాక వెళ్ళిపోతాను, ఉగాదికి ఇంట్లో ఉండాలి అంటే ఉగాదికి రెండు రోజుల ముందుకే తిరుగు టికెట్ తీయండి. ఆరు నెలలు ఉంటానంటే ఆరు నెలలకి తీయండి. ఆ తేదీని గోడ క్యాలెండరు మీద ఆవిడ చేతే గుర్తు పెట్టించండి. ఓ 200 డాలర్లు ఆవిడ పర్సులో పెట్టి, నోట్లు గుర్తుపట్టడం నేర్పండి. మీ ఇంటి అడ్రసు, ఫోను నంబరు ఒక కాగితం మీద ఆవిడ చేతిరాతతో తెలుగులో, దాని వెనక మీ చేతిరాతతో ఇంగ్లీషులో రాసి, పాస్‌పోర్టులో పెట్టి ఇవ్వండి.